చెవిజోడు

శ్రావణ శుద్ధ విదియ

గాలి తూర్పు నుంచి, ఓ మాదిరి. మంచినీళ్ళు రెండు పీపాలు. చిక్కుడు పాదుకి పురుగు పట్టింది.

పొద్దున్నే తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకాను. నిజానికి అది నా పని కాదు. గట్టు నుంచి వచ్చినవాళ్ళని పల్చటి తెర వెనక కూర్చుని ప్రశ్నలడిగి, వీళ్ళు సముద్రం మీద తేలే మా తెప్పలూరులో నలుగురితో కలిసి బతకగలరో లేదో తేల్చడం నా పని. ప్రశ్నలు రాసేవాళ్ళకి చేతులు మెత్తబడిపోతాయని తండేలు అప్పలకొండ నాకు గుల్లల వంతు వేశాడు. ఊరికి పెద్ద ఆయన, కాదంటే కుదరదు. ఆయన గీకిన తెప్ప నున్నగా ఉంటుంది. నేను గీకింది ఎలక కొరికిన రొట్టెలా ఉంటుంది.

గీకుతుండగానే ఆయనే వచ్చాడు. మొన్నటి గాలివాన సంగతి అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది. గాలి లేస్తే ప్రతి తెప్ప మీదా ఇద్దరు మోకు పట్టుకోవాలి. పక్క తెప్పకి గుద్దుకోకుండా లాగుతూ, వదులుతూ ఉండాలి. తొమ్మిదో తెప్ప మీద వీర్రాజు అనే మనిషి, మాఘంలో వచ్చినవాడు, తోటివాడు ఏదో అన్నాడని కోపమొచ్చి మోకు కింద పడేసి వెళ్ళిపోయాడు. రెండు తెప్పలూ గుద్దుకున్నాయి. మధ్యలో అచ్చియ్యమ్మ కాలు నలిగింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

"ఆడిని నువ్వే కదే రానిచ్చేవు," అన్నాడు తండేలు.

"నేనేనండి."

"మరి నీ ఎరలేమైపోయేయి?"

ఎర ప్రశ్నలంటే నా జీవితమంతా అవే. "నాకెప్పుడూ కోపం రాదు, అవునా కాదా" అని అడుగుతాను. అవునన్నవాడు ఎర మింగినట్టే, ఎందుకంటే కోపం రాని మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఇలాంటివి మామూలు ప్రశ్నల మధ్య అక్కడక్కడా కలిపేస్తాను. మంచివాడిగా కనబడాలని తాపత్రయపడేవాడు అన్నిటికీ తల ఊపుకుంటూ పోతాడు. చివర్లో, "నువ్వు చేసిన తప్పొకటి చెప్పు" అంటాను. "మరీ ఎక్కువ కష్టపడతానండి, అదే నా తప్పు" అనేవాళ్ళని అప్పటికప్పుడే పడవెక్కించి వెనక్కి పంపేస్తాను. నిజమైన తప్పుకి ఒక కొలత ఉంటుంది. చెప్పేటప్పుడు గొంతు ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. వీర్రాజు గొంతు తగ్గింది, నాకు బాగా గుర్తుంది.

పూర్వం మణికట్టుకి పట్టీ కట్టి గుండె చప్పుడు వినేవారట. గట్టు మీద నెమ్మది బిళ్ళలు దొరకడం మొదలయ్యాక, ఆ పట్టీకి హంతకుడూ పసిపిల్లాడూ ఒకలాగే వినిపించారు. ఇప్పుడు ఆ పట్టీలతో చిక్కుడు తీగల్ని పందిరికి కడుతున్నాం. ఒళ్ళు అబద్ధం నేర్చుకున్నాక ప్రశ్నలే మిగిలాయి.

"ఆలోచించు," అని తండేలు వెళ్ళిపోయాడు. అచ్చియ్యమ్మని చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

శుద్ధ చవితి, శనివారం

గాలి లేదు. ఉక్క. మంచినీళ్ళు ఒకటిన్నర పీపా. దేవకృప పడవ మధ్యాహ్నానికి వచ్చింది, ఐదుగురు మనుషులు, ఒక మేక.

పడవ నడిపేది దేవకృప. గట్టు మీది శిబిరానికి వెళ్ళి, వంతు వచ్చినవాళ్ళని తీసుకొస్తుంది. సగం రోజు ప్రయాణం. మళ్ళీ నేను కాదన్నవాళ్ళని వెనక్కి దింపి వస్తుంది. పద్నాలుగేళ్ళుగా నా చెవిజోడు కూడా తనే.

ఒకే తెప్ప మీద పన్నెండుగురు ఏళ్ళ తరబడి బతకాలంటే లోపల ఏదీ పులవకూడదు. అందుకని మా ఊరి కట్టు ఇది. పెద్దయిన ప్రతి మనిషికీ ఒక చెవిజోడు ఉంటారు. శనివారం సాయంత్రం పక్కపక్కన కూర్చుని, ఆ వారం చేసిన తప్పులూ, గుర్తొస్తే పాతవీ, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవాలి. చెవిలో పడింది నోట రాకూడదు. మొగుడూ పెళ్ళాల మధ్య అబద్ధాలుంటే ఉంటాయి, అది వాళ్ళ కర్మ. చెవిజోళ్ళ మధ్య ఉండవు.

ఈ వేళ నేను అచ్చియ్యమ్మని చూడ్డానికి వెళ్ళలేదని చెప్పాను. దేవకృప నా వీపు రాసింది. తన వంతు వచ్చినప్పుడు, పడవలో చోటుండి కూడా ఒక ముసలామెకి లేదని చెప్పాననీ, ఆమె ఒంటి వాసన భరించలేకే అలా అన్నాననీ చెప్పింది. చెబుతుంటే గొంతు తగ్గింది.

"పోనీలేవే, వచ్చేసారి తీసుకురా," అన్నాను.

"తెస్తాను," అంది.

ఇంటికి వస్తుంటే మనసు తేలికపడింది. ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క సుఖం ఆ శనివారం పూట. మా ఆయన సముద్రంలో పోయాక, అది కూడా లేకపోతే నేనేమైపోయేదాన్నో అనుకుంటూ ఉంటాను.

శుద్ధ పంచమి

గాలి పడమర. ఉదయం జల్లు, అర పీపా పట్టాం. మేక చిక్కుడు పాదు తినేసింది, పురుగు బాధ వదిలింది.

ఐదుగురిలో ముగ్గురికి పరీక్ష అయింది. మొదట పైడమ్మ అనే పెద్దావిడ. ఎరలన్నీ చక్కగా దాటింది. తప్పు చెప్పమంటే కాసేపు తల వంచుకుంది.

"మా చెల్లికి ఒళ్ళు బాగోలేనప్పుడండి, బియ్యం డబ్బా అడుగున ఎండు నెత్తళ్ళు దాచుకుని ఒక్కదాన్నే వేయించుకు తినేసేను. వాసనొస్తోందేటే అంది పాపం."

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే పని నేనూ చేశాను, మా చెల్లి దగ్గరే. లోకంలో అక్కలందరూ ఇంతే అనుకున్నాను. పైడమ్మకి సరే అని రాశాను.

మూడోవాడు గంటయ్య. బండరాయి లాంటి మనిషి. అతని తప్పూ నెత్తళ్ళే. తమ్ముడికి జబ్బు, బియ్యం డబ్బా, వాసన.

"వాసనొస్తోంది అంటే ఏం చెప్పావు?" అని అడిగాను.

"పక్క తెప్ప నుంచి వస్తోంది అని చెప్పేనండి."

"నువ్వుండేది గట్టు మీద కదయ్యా. అక్కడ తెప్పెక్కడిది?"

గంటయ్య ముఖాన చెమట పట్టింది. నాకు జాలేసింది గానీ, పట్టుకున్నానన్న గర్వం జాలిని మింగేసింది. ఎవరో నేర్పుతున్నారు. అదీ మా ఊరివాళ్ళే, తెప్ప మీద బతికినవాళ్ళే. కల్పించిన తప్పయితే నాకు తెలిసిపోతుందని, నిజంగా ఎవరో చేసిన తప్పుల్ని అరువిస్తున్నారు.

ఎవరు నేర్పారంటే చెప్పలేదు. పైడమ్మని మళ్ళీ పిలిచి అడిగితే ఏడ్చింది, ఆవిడా చెప్పలేదు.

వెంటనే తండేలు దగ్గరికి పరిగెత్తాను. మా ఊళ్ళో ఎవరు చెప్పిన తప్పూ రాసి ఉంచకూడదు, పరీక్ష అయిన పూటే చెరిపేయాలి. ఆ కట్టు ఎత్తేయమన్నాను. జల్లెడ అని మాకొక యంత్రం ఉంది, మాటలు పోల్చి చూస్తుంది. ఇకమీదట చెప్పిన ప్రతి తప్పూ జల్లెడ వినాలి. ఈమధ్య ఊళ్ళోకి వచ్చినవాళ్ళని మళ్ళీ పిలిచి చెప్పించాలి. ఒకే తప్పు ఇద్దరి నోట వస్తే ఎర్రదీపం వెలగాలి, ఆ ఇద్దరూ గట్టుకి పోవాలి.

"కొత్తోళ్ళకేనా, ఊళ్ళో అందరికీనా?" అన్నాడు తండేలు.

"అందరికీనండి. నాకైనా సరే."

మూడేళ్ళకోసారి ఊళ్ళోవాళ్ళం కూడా పరీక్షకి కూర్చోవాలి. నా వంతు ఈ పౌర్ణమికే ఉంది. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా హుషారుగా ఉంది.

శుద్ధ అష్టమి

గాలి తూర్పు. నీళ్ళు ఎంతున్నాయో చూడలేదు.

రెండు రోజులుగా జల్లెడ ముందు మనుషులు వరస కట్టారు. ముందు వీర్రాజు. అతని తప్పు, బాబాయి దాహమని పిలుస్తుంటే నిద్ర నటించడం, ఇంకెవరైనా లేస్తారులే అని. ఆ తర్వాత ఇద్దరు కూడా అదే చెప్పారు, ఎర్రదీపం వెలిగింది. నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. బాబాయి దగ్గర నిద్ర నటించిందీ నేనే. మా చెల్లి లేచి నీళ్ళిచ్చింది. అప్పుడైనా నాకు వెలగాలి. వెలిగిందేమో కూడా, చూడదలచుకోలేదు.

ఈ వేళ ఐదుగురిలో ఆఖరివాడు వచ్చాడు. ప్రసన్నకుమార్, పాతికేళ్ళుండవు.

"మాకు పిల్లలు నిలవలేదండి," అన్నాడు. "మా స్నేహితుడికి కూతురు పుట్టింది. చూడ్డానికి వెళ్ళలేక జొరమని చెప్పి పడుకున్నాను. ఎవరైనా వస్తే నమ్మాలి కదా అని నుదుటికి తడిగుడ్డ కట్టుకున్నాను. సరిగ్గా పిండలేదు. నీళ్ళు కారి చెవిలోకి పోయేయి. అలాగే పడుకున్నాను, కదిలితే ఏడుపొస్తుందని."

అక్కడ గొంతు తగ్గించాడు. నేను ఎక్కడ తగ్గించానో, సరిగ్గా అక్కడే.

ఆ నీళ్ళు నా చెవిలోకి పోయాయి. ఎడమ చెవిలోకి. ఆ సంగతి మా ఆయనకి తెలియదు, చెల్లికి తెలియదు. కిందటిసారి నన్ను పరీక్ష చేసిన సూర్యకాంతమ్మకి చెప్పాను, ఆవిడ పోయింది. ఇక ఈ భూమ్మీద, నీళ్ళమీద, ఆ మాట విన్న చెవి ఒక్కటే. ఆ రోజు పుట్టిన పిల్ల దేవకృప కూతురు కరుణ. నెల తర్వాత ఒక శనివారం దేవకృప చెవిలోనే ఆ తప్పు చెప్పుకుని ఏడ్చాను. తను నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

జల్లెడ దీపం పచ్చగానే ఉంది, ఆ తప్పు అది వినడం మొదటిసారి కాబట్టి. నేనే తెర పక్కకి లాగి, "ఇది నీది కాదు బాబూ," అన్నాను. అతను తెల్లబోయి చూశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని.

శుద్ధ నవమి

గాలి తూర్పు. నీళ్ళు ఒక పీపా.

దేవకృప పడవని తెప్ప మీదికి లాగి, పగుళ్ళలో తారు నింపుతోంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నవన్నీ పోయాయి.

"తడిగుడ్డ సంగతి కూడా చెప్పేసేవా?" అన్నాను.

తారు గరిటె ఆగింది. కాదంటుందనుకున్నాను. కాదంటే బాగుండుననుకున్నాను.

"చెప్పేను," అంది.

"ఎన్ని?"

"నీవన్నీ. ఎవరికేది నప్పితే అది."

"చెవిలో పడింది నోట రాకూడదు కదే."

"రత్నం, నువ్వు తెర వెనక కూర్చుని మనుషుల్ని వాసన చూస్తావు. నువ్వొద్దన్నవాళ్ళని వెనక్కి తీసుకెళ్ళేది నేను. సగం రోజు పడవలో నా ఎదురుగా కూర్చుంటారు. ఒక్కళ్ళు మాటాడరు. పిల్లలు మాత్రం, అమ్మా మనమేం తప్పు చెప్పేం అని అడుగుతారు. అక్కడ తాగే నీళ్ళు ఉప్పే. చేసిన తప్పు సరిగ్గా చెప్పడం రాలేదని చచ్చిపోవాలా మనుషులు?"

ఆ ప్రశ్న ఇంకా మంటెక్కించింది.

"వీర్రాజుకీ నువ్వే నేర్పేవుగా. అచ్చియ్యమ్మ కాలో?"

"అది నా మీదే ఉంది. నాకు తెలుసు." గరిటె మళ్ళీ కదిలింది. "రోజూ తనకి నేనే గంజి పట్టుకెళ్తున్నాను. నువ్వింకా వెళ్ళలేదు."

"మరి నీ తప్పులు నేర్పుకోవచ్చు కదే. నావే దొరికేయా?"

దేవకృప గరిటె తారులో ముంచింది. నా ముఖం చూడకుండా చెప్పింది.

"నీవి సరైన కొలత, రత్నం. చిన్నవీ కాదు, పెద్దవీ కాదు. నావి చెల్లవు. నీకు చెప్పినవన్నీ కట్టుకథలే."

"నాకు చెప్పినవా? ఏవి?"

"అన్నీ. పద్నాలుగేళ్ళవీ. మొన్న శనివారం చెప్పిన ముసలామె కూడా. అసలు ముసలామే లేదు. నా నిజం తప్పులు ఎవరికీ చెప్పే కొలతవి కావు. పరీక్ష కూడా అలాగే దాటేను, ఊరికొచ్చిన మొదట్లో. తర్వాత మానేద్దామంటే కుదర్లేదు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి అది పని కాదు, నాకు అదే పని. ఊరందరి అబద్ధాలూ పట్టుకుని గర్వపడ్డ నాకు, వారం వారం నా భుజానికి భుజం ఆనించి చెప్పిన అబద్ధం వినిపించలేదు. ఆవిడ గొంతు తగ్గినప్పుడల్లా నేను చెయ్యి పట్టుకున్నాను. లేని ముసలామె కోసం బాధపడ్డాను.

"ఆ జొరం తప్పు చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను.

"అది నువ్వు నా మీదే కదా చేసేవు," అంది. "అందులో నాకూ సగం ఉంది."

శుద్ధ దశమి

గాలి మళ్ళింది. నీళ్ళు ముప్పావు పీపా.

తండేలుకి చెప్పేశాను. ఇంత చేశాక దాచడానికి నేనేం దేవతని కాదు. దేవకృప నేర్పుతోందండి, జల్లెడలో ఉన్న అరువు తప్పులన్నీ నావే, ఆవిడ చెవిలో చెప్పినవే అన్నాను.

తండేలు పైడమ్మనీ, గంటయ్యనీ, ప్రసన్నకుమార్‌నీ పిలిపించి అడిగాడు. ముగ్గురూ నేల చూశారు. పడవ నడిపే మనిషి పేరు ఎవరు చెబుతారు? వాళ్ళవాళ్ళు ఇంకా గట్టు మీదే ఉన్నారు.

తర్వాత దేవకృప వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"ఏమ్మా, రత్నం ఈ తప్పులు నీ చెవిలో చెప్పిందంటోంది. నిజమేనా?" అన్నాడు తండేలు.

"చెవిలో పడింది నోట రాకూడదు కదండి," అంది దేవకృప. "కానీ చెప్పనిది చెప్పలేదనొచ్చు. ఇవేవీ రత్నం నాకు చెప్పలేదండి."

నా వైపు చూసే చెప్పింది. గొంతు తగ్గలేదు, పెరగలేదు. నేను మెచ్చుకునేంత బాగా చెప్పింది.

తండేలు గడ్డం గోక్కున్నాడు. ఆయన మెదడు మెల్లగా నడుస్తుంది గానీ, నడిస్తే ఆగదు.

"అయితే రత్నం, ఈ తప్పులన్నీ నీయే అంటన్నావు. నువ్వెవరికీ సెప్పనేదని ఈవిడంటంది. ఎరలన్నీ తెలిసిన మనిసివీ నువ్వే. మరి నేర్పిందెవరనుకోవాలి?"

నేను చెప్పుకున్న కొద్దీ నా మెడకే చుట్టుకుంది. కంచే చేను మేసిందని ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది. పౌర్ణమినాడు నా పరీక్ష ఆయనే చేస్తానన్నాడు. ఊళ్ళోవాళ్ళకి ఆఖరి ప్రశ్న వేరే ఉంటుంది, చెవిజోడుకి చెప్పుకున్నవాటిలో అన్నిటికన్నా బరువైనది చెప్పాలి. నేను చెప్పింది జల్లెడలో లేనిదైతే, తొందరపడి ఏదో అన్నానని వదిలేస్తారు. ఉన్నదైతే నేర్పింది నేనే, ఊరు వదలాలి.

శుద్ధ త్రయోదశి

గాలి లేదు. నీళ్ళు ముప్పావు పీపా, వంతుకి రెండు చెంబులు.

నీళ్ళ దగ్గర దేవకృప నా వెనక నిలబడింది. చుట్టూ ఎవరూ లేనప్పుడు మాట్లాడింది.

"నేనలా చెప్పింది నిన్ను ముంచడానికి కాదే. వేరే తప్పు చెప్పు, ఏదైనా. ఇద్దరం ఉంటాం. నీకన్నా బాగా ఎవరు కట్టగలరు?"

నేను చెంబు నింపుకున్నాను.

"నేను ఒప్పుకుంటే నాతో కరుణా గట్టుకి పోవాలి. దానికి పదేళ్ళు, రత్నం. గట్టు మీద బతకదు."

"తెలుసు," అన్నాను. ఆ పిల్లకి ఈత నేర్పింది నేనే.

అబద్ధమెందుకు, సాయంత్రం కూర్చుని ఒక తప్పు కట్టాను. పోయిన ఏడాది చచ్చిపోయిన మా పెంపుడు పిట్ట గురించి, దానికి నీళ్ళు పెట్టడం మర్చిపోయి, నేరం పిల్లి మీదికి నెట్టానని. పిట్టా లేదు, పిల్లీ లేదు. కొలత కుదిరింది. గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా చూసుకున్నాను. ఇన్నేళ్ళలో నేను చేసిన మంచి పని అదేనేమో, ఏ జల్లెడా పట్టలేదు. ఈ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది కూడా.

పౌర్ణమి

గాలి తూర్పు, ఎక్కువ. నీళ్ళు చూడలేదు.

తెరకి ఇవతలి వైపు కూర్చోవడం మూడేళ్ళ తర్వాత. తండేలు నేను రాసిన ప్రశ్నలే, నాకే, తడుముకుంటూ చదివాడు. నాకెప్పుడూ కోపం రాదు, అవునా కాదా? కాదు. నన్ను మోసం చేసినవాళ్ళ చెడు నేనెప్పుడూ కోరుకోను, అవునా కాదా? ఆ ఎర రాసిన రోజున నవ్వుకుంటూ రాశాను. కాదండి, అన్నాను. ఈ వారమంతా కోరుకున్నాను.

"చెవిలో చెప్పుకున్నదాంట్లో బరువైంది చెప్పమ్మా," అన్నాడు. నేను దాటేయాలనే ఆయన గొంతులో ఉంది. చెడ్డవాడు కాదు.

పిట్ట నాలుక చివర ఉంది. దేవకృప నా దగ్గర్నుంచి శనివారాలు తీసుకుంది. నా తప్పుల్ని ఊరూపేరూ లేనివాళ్ళకి పంచింది. ఇప్పుడు నేనే పిట్ట కథ చెబితే, పిల్లలు నిలవని నూకరత్నం, తడిగుడ్డ కట్టుకు పడుకున్న నూకరత్నం, ఇక ఎక్కడా లేనట్టే. ఆ తప్పు నాది. అది చేసినందుకు సిగ్గుపడింది నేను. ఇంకొకరి సౌకర్యానికి దాన్ని నాది కాదనలేకపోయాను. కరుణ గుర్తొచ్చింది, గుర్తొచ్చినా అనలేకపోయాను.

"మాకు పిల్లలు నిలవలేదండి," అని మొదలుపెట్టాను.

"రత్నం, ఆలోసించుకో," అన్నాడు తండేలు తెర వెనక నుంచి.

మొత్తం చెప్పాను. ఎడమ చెవి అని కూడా చెప్పాను. ప్రసన్నకుమార్ ఏ చెవో చెప్పలేదు. కానీ జల్లెడకి చెవుల లెక్క తెలియదు. ఎర్రదీపం వెలిగింది.

బహుళ పాడ్యమి

గాలి వెనక నుంచి. పడవకి అనుకూలం.

నన్ను గట్టుకి దింపింది దేవకృపే. అది తన పని. సగం రోజు నా ఎదురుగా కూర్చుంది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. పడవెక్కే ముందు అచ్చియ్యమ్మని చూసి, వీర్రాజుకి నేర్పింది నేను కాదని చెప్పి వచ్చాను. ఆవిడ నన్ను నమ్మలేదు, అటు తిరిగి పడుకుంది. నన్ను నమ్మడానికి ఆవిడకి మాత్రం కారణమేముంది.

"రెండు నెలలాగు," అంది దేవకృప, గట్టు కనబడ్డాక. "మళ్ళీ వంతులో పెట్టిస్తాను. తండేలు మర్చిపోతాడు. ఏం చెప్పాలో నేను చూసుకుంటాను."

ఏడుస్తూ చెప్పింది. నిజంగా ఏడుస్తోందో లేదో నాకు తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు కూడా, నా దగ్గర తను పాడుచేసింది అదే. దిగేటప్పుడు చెయ్యి అందించింది. పట్టుకోకుండా నీళ్ళలోకి దిగాను, నడుము దాకా తడిసింది.

బహుళ విదియ

గాలి సంగతి ఇక్కడెవరూ అడగరు. నీళ్ళు మనిషికి చెంబు, ఉప్పగా ఉన్నాయి.

నీళ్ళ వరసలో నా ముందు ఒకావిడ నిలబడింది. చంకలో పిల్ల. తనలో తను ఏదో గొణుక్కుంటోంది. ముందు ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి జరిగాక వినబడింది. బాబాయి నీళ్ళు నీళ్ళు అంటుంటే, నిద్ర నటించి, ఇంకెవరైనా లేస్తారులే అని. ఒకచోట ఆగి, గొంతు తగ్గించి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతోంది. వరసలో ఇంకా ముందు ఎవరో నెత్తళ్ళు అంటున్నారు.

"అమ్మా, ఆ తప్పు నాది," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపమేమీ లేదు.

"ఇక్కడ అందరివీ అవేనమ్మా," అంది.

"కాదు, నిజంగానే నాది. మా బాబాయి."

"అలాగే చెప్పాలి. బాగా చెబుతున్నావు." పిల్లని ఇంకో చంకలోకి మార్చుకుంది. "కానీ అవిప్పుడు చెల్లట్లేదంట. ఎవరో పట్టేసుకున్నారంట. నీ దగ్గర కొత్తవేవైనా ఉన్నాయా?"

పిల్ల నా వైపు చూస్తోంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.

"లేవమ్మా," అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు కాసేపు చూసింది. చూసి, నవ్వింది.

"ఉన్నాయిలే," అంది. "రేపు అడుగుతాను."